సిస్టరమ్మ చేలో ఓపీ, ఐపీ

మొన్న ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. విడవలూరు అవతల ఇసక దిబ్బల మీద ఉన్న ఒక చేనుకి రైతు మారి చాలా రోజులైందట, యాప్‌లో పేరు ఇంకా పాతదే ఉందట, వెంటనే మార్చెయ్యమని. అలాగేనన్నాను. మార్చలేదు.

నా ఉద్యోగం భూమిలో తేమ కొలిచే సెన్సర్లు పాతడం, పాతినవాటికి రోగమొస్తే బాగుచెయ్యడం. ఫోన్ తెరిస్తే నేను చూసుకునే చేలన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కో రైతు పేరు, దాని పక్కన ‘పై లోతు’, ‘కింది లోతు’. ఒక్కచోట మాత్రం ‘సిస్టరమ్మ ఓపీ’, ‘సిస్టరమ్మ ఐపీ’ అని ఉంటుంది. అలాగే పెట్టాలని పట్టుబట్టినావిడ కిందటి వానల్లో పోయారు. ఆవిడ అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి, రిటైరై, సొంత ఊరికొచ్చి సేద్యం పెట్టుకున్న ఆవిడని ఊళ్లో చిన్నా పెద్దా అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవాళ్లు. అసలు పేరుతో పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేవారు కాదేమో.

మొదటిరోజు నేను చేలో మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో తిప్పే బరమాతో ఇసకలో బొక్క వేస్తున్నాను. నెత్తిన తుండుగుడ్డ, చేతిలో సబ్బు, చెంబుతో నీళ్లు పట్టుకుని సిస్టరమ్మ వచ్చి నా ముందు నిలబడ్డారు. చేతిగడియారం ముఖం మణికట్టు లోపలి వైపుకి ఉంది.

“చేతులు కడుక్కున్నావా అబ్బయా?”

“మట్టిలో పెట్టేదానికి చేతులు కడుక్కోవడం ఎందుకమ్మా?”

“లోపలికి పొయ్యేది ఏదైనా సరే, చేతులు కడుక్కునే పెట్టాల. ఇందా సబ్బు.”

కడుక్కున్నాను. తుడుచుకున్నాను. మళ్లీ ఇసకలో చేతులు పెట్టాను. అప్పటినుంచి ఆ చేలో దిగేముందు చేతులు కడుక్కోవడం అలవాటైపోయింది. దానివల్ల సెన్సరుకి ఒరిగింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు.

తర్వాత ‘ఎందుకని’ మొదలైంది. ఆ మాట ఆవిడ నోట్లో ఊతపదం కాదు, నిజంగానే జవాబు కావాలి. తవ్వి తీసిన ఇసకని నీళ్లతో జావలాగా కలుపుతుంటే ఎందుకని అన్నారు. సెన్సరు చుట్టూ గాలి మిగిలితే లెక్క తప్పుతుంది, ఈ జావ పోసి అదిమితే మట్టి దాన్ని గట్టిగా పట్టుకుంటుంది అని చెప్పాను. వైరుని గొట్టంలో దూర్చి పూడుస్తుంటే ఎందుకని. పందికొక్కులు కొరుకుతాయమ్మా. కడ్డీ మీద సోలారు పలకని దక్షిణానికి వంచుతుంటే ఎందుకని. రెండు సెన్సర్లు ఎందుకని. పైది జానెడు లోతులో, కిందిది మూరెడు లోతులో ఎందుకని.

“జానెడు లోతులో నీళ్లు వస్తుంటాయి, పోతుంటాయి. ఎండకి ఇట్టే ఆరిపోతాయి. మూరెడు లోతులో దిగినవి కొన్నాళ్లు ఉంటాయి” అన్నాను.

ఆవిడ మొహం వెలిగిపోయింది. “అర్థమైపోయిందబ్బయా! పైది ఓపీ, కిందిది ఐపీ. ఓపీలో వాళ్లు వస్తా పోతా ఉంటారు. ఐపీలో చేరినోళ్లు పడుకోనుంటారు. అట్టనే రాయి.”

నేను నవ్వితే ఆవిడ నవ్వలేదు. నేను రాసేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

మాది పెన్న ఒడ్డున వరి పండించే ఊరు. ఈ సముద్రపు ఒడ్డు ఇసక నేలలు నాకు కొత్త. ఉప్పుగాలికి కనెక్షన్ల దగ్గర పచ్చగా చిలుము పట్టేది, పలక మీద కాకులు రెట్టలేసేవి. ఏదో ఒక వంకన నెలకో రెండుసార్లు ఆ దిబ్బలెక్కాల్సి వచ్చేది. వెళ్లిన ప్రతిసారీ సిస్టరమ్మ దగ్గర ఒక కొత్త ప్రశ్న సిద్ధంగా ఉండేది. వాననీళ్లకీ బావినీళ్లకీ దీనికి తేడా తెలుసా? చీమలు చుట్టూ గూడు పెడితే ఏం చేస్తది? ఒక సాయంత్రం శ్రీహరికోట నుంచి రాకెట్టు లేస్తే ఊరంతా మిద్దెలెక్కి ఆకాశంలోకి చూస్తుంటే, ఆవిడ మాత్రం నాకు ఫోన్ చేశారు.

“అంత పెద్దది లేస్తే భూమి అదురుద్ది గదా. ఐపీలో ఏమన్నా తేడా వచ్చిందేమో చూడు.”

“ఏమీ రాలేదమ్మా.”

“సరిగ్గా చూసినావా?”

“చూశానమ్మా.”

“రేపు ఒకసారి చూడు. లోపలికి దిగేదానికి టైము పడద్దేమో.”

చేలో ఆవిడ పద్ధతులన్నీ ఆసుపత్రి పద్ధతులే. సిగ్నల్ పోతే “పేషెంటు కోమాలో ఉంది” అని కబురొచ్చేది. సెన్సరుని చూడ్డానికి పక్క చేలవాళ్లు వస్తే గడియారం చూసి, “విజిటింగ్ టైము అయిపొయింది, పోండి పోండి” అని తరిమేవారు. యాప్‌లో కొత్త అంకె వచ్చేదాకా కడ్డీని రెండు వేళ్లతో పట్టుకుని, గడియారం వైపు చూస్తూ నిలబడేవారు. నాడి చూసే అలవాటు చేతికి అలా మిగిలిపోయింది. అంకె రాగానే కడ్డీని వదిలి, “ఊ, పర్వాలా” అనేవారు.

నర్సింగు నేర్చుకునే పిల్లలకి తను చెప్పే మాట ఒకటి నాకూ చెబుతుండేవారు. ముందు పేషెంటు మొహం చూడు, తర్వాత చార్టు చూడు. చార్టులో జ్వరం లేదని రాసుంటే, వణికే మనిషికి దుప్పటి కప్పకుండా వెళ్లిపోయిన ఒక అమ్మాయి కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో. ఆ అమ్మాయిని తిట్టిన తిట్లు కూడా ప్రతిసారీ పొల్లుపోకుండా చెప్పేవారు.

అలాంటి మనిషి ఆ ఎండాకాలం మొదట్లో చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కనెక్షన్లు తుడుద్దామని వెళ్లాను. వేరుశనగ ఊడలు దిగే రోజులు. నీళ్లు ఎక్కువ కావలసింది అప్పుడే. ఎండ ఇంకా ముదరకముందే చేనంతా తల వేలాడేసి ఉంది. ఆకుల అంచులు మాడిపోయి ఉన్నాయి. సిస్టరమ్మ గట్టు మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. యాప్‌లో ఓపీ పచ్చ, ఐపీ పచ్చ. పచ్చరంగు అంటే నీళ్లు చాలినంత ఉన్నాయని.

“ఎన్నాళ్లైందమ్మా నీళ్లు పెట్టి?”

“పచ్చగా ఉంటే ఎందుకు పెడతాను? కూలికొచ్చే ఆమె పెట్టు పెట్టు అని తల తినేస్తుంది. మిషను వద్దంటుంటే నువ్వెవరు చెప్పేదానికని కసిరినా.”

“మొహం చూడమంటారు కదమ్మా మీరు.”

ఆవిడ తలెత్తి చేను వైపు చూశారు. అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశారు. కోపం తెచ్చుకుంటారనుకున్నాను. తెచ్చుకోలేదు. ఫోన్ కొంగున ముడేసుకుని లేచారు.

“చార్టు అబద్ధం చెప్తుంది. ఎందుకని?”

మా శిక్షణలో ఒక మాట విన్నాను. మట్టిలో ఉప్పు ఎక్కువైతే ఈ రకం సెన్సరు దాన్ని తేమగా లెక్కేసుకుంటుందని. అదే చెప్పాను.

“ఎవరో చెప్తే సరిపోయిందా? చూద్దాం పా.”

ఇంటి వెనక రెండు ప్లాస్టిక్ బక్కెట్లలో ఎండబెట్టిన ఇసక ఒకే కొలతకి పోశాం. ఒకదాంట్లో తాగే క్యాను నీళ్లు, ఇంకోదాంట్లో మోటరు నీళ్లు, ఒకే గ్లాసుతో ఒకే లెక్కన కలిపాం. నా సంచిలో ఉన్న విడి సెన్సరు రెండింట్లో గుచ్చి చూశాం. క్యాను నీళ్ల బక్కెట్టు ఎరుపు చూపించింది, అంటే నీళ్లు చాలలేదని. మోటరు నీళ్ల బక్కెట్టు పచ్చ. ఆవిడకి అదీ చాల్లేదు. మూడో బక్కెట్టు తెచ్చి, క్యాను నీళ్లలో వంటింటి ఉప్పు చారెడు కలిపి పోశారు. అది పచ్చ దాటి నీలమైపోయింది. నీలమంటే నీళ్లు మరీ ఎక్కువని.

“సెలైనబ్బయా!” చప్పట్లు కొట్టి పెద్దగా నవ్వారు. “నా చేనుకి నేను సెలైను ఎక్కిస్తున్నా! దీనికి సెలైనుకీ మంచినీళ్లకీ తేడా తెలీదు, చూసినావా!”

కనుక్కున్న సంతోషంలో ఆవిడకి అసలు సంగతి తట్టలేదు. నవ్వు మధ్యలో తట్టింది. మెల్లగా బక్కెట్టు పక్కన చతికిలబడ్డారు.

“అంటే... మా దొరువు పాడైపోయిందా?”

దొరువంటే ఇసకలో తవ్విన లోతులేని నీటిగుంట. సముద్రానికి అంత దగ్గరలో ఉన్నా అందులో నీళ్లు తియ్యగా ఉండేవి. ఇప్పుడు మోటరు తోడేదీ ఆ దొరువు నుంచే. ఆవిడ అమ్మా నాన్నా కడవలతో ఆ నీళ్లు మోసి పంటలు పండించారు. ఆసుపత్రి క్వార్టర్సులో ఉన్నన్నాళ్లూ ఊరెళ్లినప్పుడల్లా సీసాలో పట్టుకెళ్లి తాగేదాన్నని ఒకసారి చెప్పారు. ఆ చేను ఉన్నా లేకపోయినా ఆవిడకి జరుగుతుంది. దొరువు పోతే మాత్రం తట్టుకోలేరని ఆ రోజు ఆవిడ మొహం చూస్తే అర్థమైంది.

చేనుకి ఒక పక్క సరుగుడు తోట, దాని వెనక సమాధుల తోట. ఇంకో పక్క రొయ్యల గుంటలు. ఆ గుంటలాయన ఆవిడ చర్చి మనిషే. అతను పుట్టినప్పుడు కాళ్లు ముందొస్తే బయటికి లాగింది ఈవిడే. ఆదివారం చర్చి వాకిట్లో అందరూ ఉండగా అతన్ని పట్టుకుని నిలదీశారట. నీ గుంటల ఉప్పు నా భూమిలోకి దింపినావు, నిన్ను బతికించి బయటికి లాగినందుకు నాకిదా అని. అతను తలొంచుకుని విని, “ముందు మీ మోటరు సంగతి చూసుకో సిస్టరమ్మా” అని ఒకే మాట అని వెళ్లిపోయాడట. తర్వాతి వారం చర్చికి రాలేదు.

ఆ ఒక్క మాట ఆవిడని నిద్రపోనివ్వలేదు. పొద్దున్నే ఫోన్.

“అబ్బయా, వాడు నా మోటరంటున్నాడు. ఎందుకని?”

ముందు ఏడాది స్ప్రింక్లర్ల కోసం ఆవిడ దొరువు అడుగున లోతుగా బోరు దించి పెద్ద మోటరు పెట్టించుకున్నారు. ఈ దిబ్బల కింద వాననీళ్లు ఉప్పునీళ్ల మీద పాల మీద మీగడ లాగా పలచగా పరుచుకుని ఉంటాయి. పైపైన ముంచుకున్నంత కాలం తియ్యగా వస్తాయి. లోతు నుంచి గట్టిగా లాగితే కింద ఉన్న ఉప్పు పైకి లేస్తుంది. గుంటల నుంచి ఊరినా ఊరవచ్చు. ఏదని చెప్పడం నావల్ల కాదన్నాను.

“తెలుసుకునేదానికి దారి ల్యా?”

“మోటరు ఆపేసి చూడటమే. దొరువు మళ్లీ తియ్యనైతే తప్పు మోటరుది. కాకపోతే గుంటలది.”

“మరి చేను?”

ఎండిపోతుందన్నాను.

“ఎట్టా తాపినా ఉప్పే గదా తాపేది” అన్నారు. “వాడిది అబద్ధమని తేలితే నేనన్న మాట నిలబడద్ది. నిజమని తేలితే నా దొరువు నాకు దక్కుద్ది. ఆపేస్తున్నా.”

ఆపేశారు. కూలికొచ్చే ఆమె, సిస్టరమ్మ కలిసి కడవలతో దొరువు పైపై నీళ్లు ముంచి, దగ్గరున్న నాలుగు సాళ్లకి మాత్రం పోసుకున్నారు. మిగిలిన చేను కళ్లముందే ఎండిపోయింది. ఊళ్లోవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఈ వయసులో సిస్టరమ్మకి ఇదేం పిచ్చి, మోటరు పెట్టుకుని కడవలు మోయడమేమిటని. నాకూ ఆవిడ మీద జాలేసింది. ఆవిడకి మాత్రం జాలిపడే తీరిక లేదు. రోజూ పొద్దున్నే నోరు పుక్కిలించి, కాఫీ కంటే ముందు, ఒకే మెట్టు దగ్గర, ఒకే స్టీలు స్పూనుతో నీళ్లు ముంచి నాలుక మీద వేసుకునేవారు. వెంటనే నాకు రిపోర్టు.

“ఈరోజు ఓఆర్‌ఎస్ మాదిరి ఉంది.”

కొన్నాళ్లకి, “కాస్త పలచటి ఓఆర్‌ఎస్.”

ఆ తర్వాత ఒకరోజు ఫోన్లో గొంతు వేరుగా ఉంది. “నువ్వొకసారి రావాలబ్బయా. నా నాలుక మీద నాకు నమ్మకం ల్యా.”

వెళ్లాను. పీట మీద మూడు గ్లాసుల నీళ్లు మూతలు పెట్టి ఉంచారు. ఏవి ఎక్కడివో చెప్పలేదు.

“వాడి మీద నాకు కోపం. ఈ నీళ్లు ఉప్పగా ఉండాలనే నా నాలుక్కి ఉంటది. నీకు ఎవరి మీదా కోపం ల్యా గదా. నువ్వు చెప్పు.”

మూడూ తాగాను. మొదటిది ఉప్పు. మిగతా రెండిటికీ నాకు తేడా తెలియలేదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ వాటిలో రెండో గ్లాసు తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. అవి దొరువు నీళ్లు. మూడోది క్యాను. మొదటిది మోటరు ఆపేముందు సీసాలో పట్టి దాచినవి.

“అయితే వాడు చెప్పిందే నిజం” అన్నారు. మొహంలో సంతోషం ఉంది, ఓడిపోయిన చిన్నతనమూ ఉంది. దేన్నీ దాచుకోలేదు. “ఆదివారం పొద్దున రా. నువ్వూ ఉండాల.”

నేనెప్పుడూ చర్చి లోపలికి వెళ్లలేదు. చెప్పులు విప్పి, మగవాళ్ల వైపు చాప మీద చివర కూర్చున్నాను. గుంటలాయన కూడా వచ్చాడు. ఆవిడ కబురు పెట్టి, రాకపోతే కాళ్లు పట్టి లాక్కొస్తానని చెప్పించారట. పాటలయ్యాక పాస్టరు గారు సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. తమ జీవితంలో దేవుడు చేసిన మేలు నలుగురి ముందు నిలబడి చెప్పడం వాళ్ల పద్ధతి. రోగం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో చెబుతారు. సిస్టరమ్మ ముసుగు సర్దుకుని లేచారు. ఒక చేతిలో నా విడి సెన్సరు, ఇంకో చేతిలో మూతపెట్టిన దొరువు నీళ్ల గ్లాసు.

“అందరికీ వందనాలు. ఇది మట్టిలో గుచ్చే మిషను. దీనికి ఉప్పుకీ నీళ్లకీ తేడా తెలీదు. నాకూ తెలీలా. మన వాకిట్లోనే నిలబడి, మీ అందరి ముందర, వీడు నా భూమికి ఉప్పు పెట్టినాడని అన్నా. ఉప్పు లాగింది నా మోటరు. పెట్టించింది నేను. మీ ముందర అన్న మాట మీ ముందరే వెనక్కి తీసుకోవాల గదా. అందుకని లేచినా.”

పాస్టరు గారికి ఆమెన్ అనాలో వద్దో తెలియలేదు. ఆవిడ ఆడవాళ్ల వైపు నుంచి మగవాళ్ల వైపుకి నడిచొచ్చి గుంటలాయన ముందు నిలబడ్డారు.

“తాగి, నోరు తెరిచి చెప్పు. ఎట్టుందో చెప్పు.”

అతను గ్లాసు రెండు చేతులతో అందుకుని తాగాడు.

“ఉప్పు ల్యా సిస్టరమ్మా” అన్నాడు. గ్లాసు తిరిగిచ్చి, “అయినా నా గట్లు కూడా ఒకసారి చూసుకుంటాలే” అన్నాడు.

“చూసుకో. చూసుకోవద్దని ఎవరన్నారు?” అనేసి వెళ్లి తన చోట కూర్చున్నారు. అప్పుడు అందరూ ఆమెన్ అన్నారు. నేనూ అన్నాను.

ఆ నాలుగు సాళ్ల కాయలు ఉడకబెట్టి నాకు ఒక సంచిలో పోసిచ్చారు. బోరు పీకించేశారు. చిన్న మోటరు, పైపై నీళ్లు మాత్రమే తోడేలాగా, పెట్టించుకున్నారు. నేను ఆ చేలో ఉప్పుని కూడా విడిగా కొలిచే సెన్సరు తెచ్చి పెట్టాను. దానికేం పేరు పెడదామంటే, “ల్యాబు” అన్నారు వెంటనే.

కార్తీకం వానలప్పుడు జ్వరమొచ్చి నెల్లూరు తీసుకెళ్లారు. తను పనిచేసిన ఆసుపత్రే. అక్కడినుంచి కూడా ఒకసారి ఫోన్ చేశారు. “అబ్బయా, నన్ను ఐపీలో పడేసినారు” అని నవ్వి, దొరువులోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయని అడిగారు. ఈసారి వెళ్లినప్పుడు చూసి చెబుతానన్నాను. నేను వెళ్లేలోపే కబురొచ్చింది.

ఇప్పుడు ఆ చేను కౌలుకి చేస్తున్నది గుంటలాయనే. గట్లు కలిపేసి అది కూడా గుంట తవ్వేస్తాడని ఊరంతా అనుకుంది. వేరుశనగ వేశాడు. పొద్దున్నే నాకు ఫోన్ చేసి, “అన్నా, ఓపీ ఎర్రగా ఉంది, నీళ్లు పెట్టమంటావా?” అని అడుగుతాడు. చేను మొహం ఎట్టా ఉందో చూడన్నా అంటే, చూసొచ్చి మళ్లీ చేస్తాడు. ఆఫీసు వాళ్లు పేరు మార్చమన్నారని అతనికి చెబితే, “నా పేరెందుకు, ఆ పేరు అట్టనే ఉండనీ” అన్నాడు. నాకూ మార్చడానికి చెయ్యి రాలేదు. ఇద్దరం ఆవిడని పూడ్చిన రోజు సమాధుల తోటలో పక్కపక్కన నిలబడినవాళ్లమే.

ఆ రోజు పొద్దుటినుంచి సన్నగా తుంపర. సమాధుల తోట ఆవిడ చేను దిబ్బ మీదే, సరుగుడు చెట్ల వెనకే ఉంది. తవ్విపోసిన ఇసక కుప్ప తడిసి ముదురు రంగుకి తిరిగింది. ప్రార్థన అయ్యాక అందరూ వరసగా వచ్చి తలా పిడికెడు మన్ను వేస్తున్నారు. నా వంతు వచ్చింది. కుప్ప లోపలినుంచి పిడికిట్లోకి తీసుకున్నాక, అలవాటు కొద్దీ నా వేళ్లు దాన్ని గట్టిగా అదిమి చూశాయి. ఉండ కట్టింది. మూరెడు లోతుకి పైగా వాన దిగిందన్నమాట. ఆవిడకి చెప్పాలనిపించింది. చెప్పడానికి ఆవిడ లేరని అప్పుడు గానీ నాకు తెలియలేదు, ఏడుపు ఆగలేదు.

నా పక్కన గుంటలాయన వంగి పిడికెడు ఇసక తీసుకున్నాడు. వెయ్యలేదు. అందరూ చూస్తుండగా, చిటికెడు నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గోతిలోకి వంగాడు.

“ఉప్పు ల్యా సిస్టరమ్మా” అని, పిడికిలి విప్పాడు.